హెల్మెట్ లేని ప్రేమ

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచీ ఉక్కు నగరం భిలాయికి ఒకటే పాఠం: నిప్పు దగ్గరికి వెళ్తే నెత్తిన హెల్మెట్ ఉండాలి. ఇప్పుడక్కడ ఐఐటీ కూడా ఉంది. మరి గురుశిష్యుల ప్రేమలు రాజుకునే దేశంలోని క్యాంపస్ కొలిములకు హెల్మెట్ ఏదీ?

ప్రొఫెసర్లు డిగ్రీ విద్యార్థులతో ప్రేమాయణం నడపకూడదని హార్వర్డ్ 2015లోనే తేల్చేసింది. మన యూజీసీ ‘2015 నిబంధనలు’ వేధింపులపై ఫిర్యాదుల కమిటీ పెట్టమన్నాయి. కానీ రిజల్ట్స్ రాకముందే ఆ కమిటీ గుమ్మం ఎక్కే ధైర్యం ఏ విద్యార్థికుంటుంది?

‘ఇద్దరికీ ఇష్టమే కదా’ అంటారు గురువుగారు. ఇష్టం ఇద్దరిదీ కావచ్చు సార్... ఇంటర్నల్ మార్కులేసే ఎర్రపెన్ను మాత్రం ఒక్కరి జేబులోనే ఉంది!