గుమ్మడికాయల వీధిలో సిరిమాను బావగారు

ఆయన ఎవరికి బావగారో ఎవరికీ తెలియదు. ఎవరో ఎప్పుడో అలా పిలిచారు, అదే ఖాయమైపోయింది. ఊరు విజయనగరం. ప్రస్తుతం ఉంటున్నది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. వృత్తి సాఫ్ట్‌వేరు, ప్రవృత్తి పోలిక. ఈయనలాంటి వాళ్ళు అమెరికాలో తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ కనీసం ఒకరుంటారు కాబట్టి పేరు చెప్పకపోయినా మీరు గుర్తుపట్టేస్తారు.

అక్టోబరు రాగానే ఆయన నుంచి వాట్సాప్‌లో ఆజ్ఞ వస్తుంది. "శనివారం హాఫ్‌మూన్ బే. ఏడింటికల్లా కొండ దిగిపోవాల. పులిహోర మీది, పెరుగన్నం మాది."

హాఫ్‌మూన్ బే శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన పసిఫిక్ ఒడ్డునున్న చిన్న ఊరు. 1971 నుంచి అక్కడ అక్టోబరు నడుమ శనాదివారాల్లో మెయిన్ స్ట్రీట్‌లోకి కార్లు రానివ్వకుండా గుమ్మడికాయల ఉత్సవం చేస్తున్నారు. మట్టిపాత్రలూ చిత్రపటాలూ గాజుబొమ్మలూ చేసేవాళ్ళు వీధి పొడుగునా దుకాణాలు పెడతారు. ప్రవేశ రుసుము లేదు. ఊరి జనానికి ఎన్నో రెట్ల జనం వస్తారు. అంతమందీ తూర్పు నుంచి వచ్చేది ప్రధానంగా ఒకే దారిలో, 92వ నంబరు హైవే మీద. కొండ దగ్గరికొచ్చేసరికి ఆ హైవే పెద్ద సందు మాదిరి ఇరుకైపోతుంది.

బావగారికి కావలసింది ఆ ఇరుకే. కారు కదలకపోతేనే కథ కదులుతుంది. శాన్ మటేయో వంతెన ఎక్కగానే 1757 నాటి బొబ్బిలి యుద్ధం మొదలవుతుంది. బుస్సీ ఫిరంగులు బయల్దేరతాయి. తాండ్ర పాపారాయుడు కత్తి దూసేసరికి క్రిస్టల్ స్ప్రింగ్స్ జలాశయం వస్తుంది. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ పెదచెరువులో కలిసిపోయి అమ్మవారై వెలిసేసరికి కొండెక్కుతాం. అక్కడి నుంచి దిగువదాకా ఇక ఆ అమ్మవారి సిరిమాను జాతరే. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి చింతచెట్టు ఎక్కడుందో చెప్పడం, ఆ మానుని సిరిమానుగా మలచడం, దసరా వెళ్ళిన మంగళవారం దాని చివరన పూజారి కూర్చుని చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం, ముందర పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, జనం విసిరే అరటిపళ్ళు. చెప్పడంలో ఆయనకి వంక పెట్టలేం. వెనక సీట్లో అమెరికాలో పుట్టిన పిల్లలు కూడా చెవిలో తీగలు తీసేసి వింటారు.

మెయిన్ స్ట్రీట్‌లో అడుగుపెట్టగానే అసలు పని ఆరంభం. ఏది చూసినా దానికో జోడీ వెతికి, ఆ జోడీయే గొప్పదని తీర్పు చెప్పాలి. కెటిల్ కార్న్ బండి కనిపిస్తే, "మన మురీల ముందు ఇదేటి?" అంటారు, అంటూనే పెద్ద సంచీ కొంటారు. బ్యాండు వాయించేవాళ్ళు కనిపిస్తే డప్పులు గుర్తొస్తాయి. జనం ఒకర్నొకరు తగలకుండా నడుస్తుంటే ఆయనకి ప్రాణం ఉసూరుమంటుంది. "జాతరంటే తోసుకోవాల. చెప్పు తెగాల. మైకులో పిల్లాడు తప్పిపోయినాడని చెప్పాల. ఇదీ ఓ జాతరేనేటి?" అని నిట్టూరుస్తారు. ఇంతలో వెనక నుంచి ఎవరిదో బిడ్డ కూర్చున్న తోపుడు బండి కాలికి తగిలితే మాత్రం, "వీళ్ళకి మేనర్స్ లేవు" అంటారు.

కుండలమ్మే ఆవిడ దగ్గర ఓ కప్పు ఎత్తిపట్టుకుని, మట్టి ఎక్కడిది, బట్టీ ఎంత వేడి, ఈ నీలిరంగు ఎలా వచ్చింది అని ఆరా తీస్తారు. ఆవిడ మురిసిపోయి చేతివృత్తి రహస్యాలన్నీ విప్పుతుంది. అప్పుడు కప్పు బోర్లించి ధర చూస్తారు. "తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటాం" అంటారు. తిరిగి రావడానికి ఆయన వేరే వీధి ఎంచుకుంటారని ఆయన భార్య అక్కయ్యగారికి ముందే తెలుసు.

ఇక గుమ్మడికాయలు. ఉత్సవానికి ముందు సోమవారమే వాటి తూకం పోటీ అయిపోతుంది. నెగ్గిన కాయల్ని వీధిలో ప్రదర్శనకి పెడతారు. 2023లో మిన్నెసోటా నుంచి ట్రావిస్ గియెంజర్ అనే తోటమాలి తెచ్చిన కాయ 2,749 పౌండ్లు తూగింది. మన లెక్కలో సుమారు 1,247 కిలోలు. అప్పటికి అది ప్రపంచ రికార్డు, బహుమతి 30,000 డాలర్లు. అంతకు ముందేడూ ఆయనే నెగ్గాడు, అప్పుడు పౌండుకి తొమ్మిది డాలర్ల చొప్పున ఇచ్చారు. ఇవి అట్లాంటిక్ జెయింట్ అనే రకం. పెరిగే రోజుల్లో రోజుకి ఇరవై కిలోలు బరువెక్కగలవు. అంత బరువుకి గుండ్రంగా నిలవలేక, కలిపి మూతపెట్టి మరిచిపోయిన పిండిలా ఓ పక్కకి ఒరిగిపోతాయి.

ఆ కాయ ముందు బావగారు కాసేపు మాట్లాడరు. ఏడాది మొత్తంలో ఆయన నోట మాట లేనిది ఆ కాసేపే. తరవాత తేరుకుని, "దప్పళంలోకి వస్తాదా?" అంటారు. రాదు, వీటిని రుచి కోసం పెంచరు అని ఎవరైనా చెబితే ఆయన ముఖం వెలిగిపోతుంది. "మరేటి ప్రయోజనం! మా పెరట్లో పాదుకి కాసిన కాయ చిన్నదే. పులుసు పెడితే వీధంతా వాసన." ఇంత అన్నాక దాని పక్కన నిలబడి, పొట్ట లోపలికి పీల్చి, నాలుగు కోణాల్లో ఫోటోలు తీయించుకుంటారు.

గుమ్మడి పై తినే పోటీ ఆయనకి గిట్టదు. చేతులు వాడకూడదు, మూతి పెట్టేసి తినాలి. "ఎంగిలి, అనాచారం" అని ఆయన అంటుండగానే సొంత కొడుకు వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు. ముక్కూ మూతీ కనుబొమ్మలూ అన్నీ పసుపురంగు. బావగారు ఆచారం సంగతి మరిచిపోయి, "తినరా నాన్నా, తల ఎత్తకు!" అని అరుస్తూ వీడియో తీసి విజయనగరం పంపారు. అక్కడ అర్ధరాత్రి దాటినా వాళ్ళమ్మగారి జవాబు వెంటనే వచ్చింది. "పిల్లాడి చేతులికేమైంది?"

మధ్యాహ్నం ఎండలో పులిహోర తింటూ ఆయన మళ్ళీ సిరిమాను ఎత్తుకున్నప్పుడు అక్కయ్యగారు పెరుగన్నం డబ్బా మూత తీస్తూ మామూలుగానే అన్నారు: "పెళ్ళయిన కొత్తలో సిరిమాను చూపించమన్నాను. జనం, దుమ్ము, టీవీలో బాగా కనిపిస్తాదన్నారు. కోట దగ్గర మీ పెదనాన్నగారి మేడ ఖాళీగానే ఉంది."

దానికి ముందూ అంతేనట. ఎంసెట్ అని ఓసారి, గేట్ అని మరోసారి, తలనొప్పి అని మిగతా సార్లు, గుడికి కూతవేటు దూరంలో పుట్టిన మనిషి సిరిమాను రోజున తలుపులు బిడాయించుకుని కూర్చునేవాడట. ఆయన కళ్ళతో సరిగా చూడని జాతర, మాకు మాత్రం అరటిపండుతో సహా కళ్ళకి కట్టింది. ఊరు విడిచి సముద్రాలు దాటాకే ఆయనలో జాతర పుట్టింది. బావగారిలో నాకు నచ్చేదల్లా ఈ ఆలస్యమే. ఉన్నచోట పట్టించుకోనివాడు లేనిచోటికి వచ్చాక ఇంత శ్రద్ధగా ఊరిని మోస్తుంటే, వింటున్నవాళ్ళకి నష్టమేమిటి?

అక్కయ్యగారి మాట తగిలిందో ఏమో, మరుసటి ఏడు ఆఫీసుకి సెలవు పెట్టి నిజంగానే సిరిమానుకి వెళ్ళారు. అదే మేడ. కింద లక్షల జనం. అక్కయ్యగారు వచ్చాక మాతో చెప్పారు. మొదటి తిరుగుడు అయ్యేదాకా ఆయన చేతులు జోడించుకునే ఉన్నారట. ఆపైన మొదలైంది. హాఫ్‌మూన్ బేలో అయితే వరసగా మరుగుదొడ్లు పెడతారు, చెత్తకి వేరు వేరు డబ్బాలుంటాయి, ఒక్కడూ ఒక్కడి కాలు తొక్కడు, గుమ్మడికాయ ఒక్కటే వెయ్యి కిలోల పైన. బంధువులు నమ్మలేదు. రుజువు చూపించడానికి ఆయన ఫోను తీశారు. వెనక సిరిమాను రెండోసారి కోట వైపు కదిలింది. మేడమీద అందరూ లేచి నిలబడి దణ్ణం పెట్టారు. బావగారు గోడవారన కూర్చుని ఫోనులో గుమ్మడికాయ వెతుకుతున్నారు.

మీరు బే ఏరియాలో ఉంటే అక్టోబరులో ఓసారి హాఫ్‌మూన్ బే తప్పకుండా వెళ్ళండి, ఆ కాయల్ని చూసి తీరాలి. కుండలావిడ దగ్గర ఓ కప్పు కొనండి, మా అందరి తరఫునా ఆవిడకి బాకీ ఉంది. బావగారు రమ్మంటే సరే అనండి, కానీ కారు మాత్రం మీది మీరే తీసుకెళ్ళండి. తిరుగు ప్రయాణంలో బొబ్బిలి యుద్ధం మళ్ళీ మొదటి నుంచి ఉంటుంది.