నలుగురినీ ఒకేసారి పిలవండి!

సూరత్ లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగిన మన పద్మశాలి తమ్ముళ్లలో ఎవరైనా ఎలక్ట్రానిక్ జకార్డ్‌కు సొంతంగా బోర్డు చేయాలనుకుంటే, ఈ చిట్కాలు వారి కోసమే. బోర్డు మీది చిప్‌లు మాట్లాడుకోవడానికి 1980లలో మోటరోలా తెచ్చిన ఎస్‌పీఐ పద్ధతిలో క్లాకు తీగ, రెండు డేటా తీగలు చిప్‌లన్నిటికీ ఉమ్మడి. చిప్ సెలెక్ట్ తీగ మాత్రం ఎవరిది వారికే. అది కిందికి దిగితే ఆ చిప్‌ను పిలిచినట్టు. చెడగొట్టాలంటే అంతకు మించిన చోటు లేదు.

1. పుల్-అప్ రెసిస్టర్ దండగ. ఆ 10 కిలోఓమ్‌ల ముక్క మానేస్తే పైసలు మిగులుతాయి. కరెంటు రాగానే కంట్రోలర్ పిన్నులు కాసేపు ఎటూ కాకుండా వేలాడతాయి. అప్పుడు మెమరీ, డిస్‌ప్లే, ఎస్‌డీ కార్డు ముగ్గురూ పిలవని పెళ్లికి వచ్చి బంతిలో కూర్చుంటారు. కూర్చోనివ్వండి.

2. ఫ్లాష్ మెమరీ సెలెక్ట్‌ను శాశ్వతంగా గ్రౌండ్‌కు కట్టేయండి. ఒక పిన్ను ఆదా. రాతకు అనుమతినిచ్చే 06 ఆదేశం, సెలెక్ట్ తిరిగి పైకి లేస్తేనే అమలవుతుందని డేటాషీటులో ఉంటుంది. చదివినవాళ్లకే ఆ బాధ. కొత్త డిజైన్ ఎక్కకపోతే పాత చీరే మళ్లీ నేయండి.

3. పిన్నులు చాలకపోతే 74హెచ్‌సీ138 డీకోడర్ పెట్టండి. మూడు పిన్నులకు ఎనిమిది సెలెక్టులు వస్తాయి. చిరునామా మార్చేటప్పుడు ఎనేబుల్ మాత్రం ఆపకండి. 3 నుంచి 4కు పోవాలంటే మూడు బిట్లూ మారాలి. దారిలో 7వ ఇంటి తలుపు కూడా తట్టి రావచ్చు, గణేశ్ చందా కుర్రాళ్లలాగా.

4. బఫర్ ఖాళీ అనగానే సెలెక్ట్ ఎత్తేయండి. చివరి బైటు ఇంకా దారిలోనే ఉంటుంది, ఉండనివ్వండి. 2688 హుక్కుల జకార్డ్‌కు 336 బైట్లు వరుస గొలుసుగా పోతుంటే, తొందరపడి లాచ్ చేసినందుకు చీర మీది నెమలి మొత్తం 8 హుక్కుల దాకా పక్కకు జరుగుతుంది. సేటు అడిగితే కొత్త ఫ్యాషన్ అనండి.

5. సాంచా ఆగితే వోల్టేజీని తిట్టండి. వానాకాలమైతే తేమను తిట్టండి.

ఒక్క జాగ్రత్త. ముందు సెలెక్టులన్నీ పైకెత్తి, ఆ తర్వాతే ఎస్‌పీఐ మొదలుపెట్టి, ఒకసారికి ఒక్కరినే పిలిచి, మాట పూర్తయ్యాకే పంపించారంటే మాత్రం పై చిట్కాల్లో ఒక్కటీ ఫలించదు.