నాటకమంటే ప్రాణం, సినిమాలో చూశాను

పద్యనాటకం అంటే చెవి కోసుకునేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. ఏ సభలో చూసినా వాళ్ళే. "ఆ రోజులే వేరండీ! ఆ రాయబారమేమిటి, ఆ పద్యమేమిటి, ఆ గొంతేమిటి!" అని కళ్ళు అరమోడుస్తారు. ఏ రోజులండీ, ఎవరి గొంతండీ అని కాస్త నిలదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రోజులు 1967. ఆ రాయబారం 'శ్రీకృష్ణావతారం' సినిమాలోది. ముఖం ఎన్టీ రామారావుగారిది, గొంతు ఘంటసాలగారిది. అది కూడా చూసింది ఇంట్లో టీవీలో, ఆదివారం భోజనాలయ్యాక, దిండుకి ఆనుకుని.

సినిమా చూడటం నేరమని నేననటం లేదు. నేనూ చూశాను, మళ్ళీ వస్తే మళ్ళీ చూస్తాను. నా పేచీ అంతా ఆ తరవాతి మాటతోనే. సినిమాని ప్రేమించి, ఆ ప్రేమని నాటకం ఖాతాలో జమ వేసుకుని, చివరికి అసలు నాటకాన్ని చూసి "సినిమాలోలా లేదే" అని పెదవి విరిచే మహానుభావులతో.

వీరిని దగ్గరగా చూడాలంటే ఏదైనా నాటక పరిషత్తు ప్రారంభోత్సవానికి వెళ్ళండి. ఆరున్నరకి ప్రదర్శన అని కరపత్రంలో ఉంటుంది. ఏడున్నరకి జ్యోతి ప్రజ్వలన అవుతుంది. తెర వెనక శ్రీకృష్ణుడు నాలుగింటికే మేకప్పు వేసుకుని కూర్చున్నాడు. కిరీటం నొక్కుకుంటోందని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నుదుటి మీది నీలం చెమటకి కరిగి కనుబొమల్లోకి దిగుతోంది. హార్మోనిస్టు రెండుసార్లు శ్రుతి చూసుకుని, ఇక లాభం లేదని టీకి వెళ్ళాడు. తెర ముందు ముఖ్య అతిథిగారు మైకు అందుకున్నారు. నాటకం మన జాతి సొత్తు అన్నారు. తెలుగువాడికి తప్ప ఎవడికీ పద్యం లేదన్నారు. అక్కణ్ణించి రామారావుగారి చిరునవ్వులోకి వెళ్ళారు, ఆయన భుజం మీది ఉత్తరీయంలోకి వెళ్ళారు, అలా ఒక అరగంట తిరిగి, "ఒక్క పద్యం పాడమంటున్నారు" అని ఎవరూ అనకపోయినా చెప్పి, ఘంటసాలని అనుకరిస్తూ ఒక పద్యం లంకించుకున్నారు. రెండో పాదంలో మాట మరిచిపోయి ఆ జాగా రాగంతో పూడ్చారు. చప్పట్లు. శాలువా. జ్ఞాపిక. ఫొటో. తెర లేచే వేళకి "వేరే ప్రోగ్రాం ఉందండీ" అని లేచారు. ఆయనతో వచ్చినవాళ్ళు ఆయనతో లేచారు. ముందు రెండు వరుసలు ఖాళీ. కృష్ణుడు ఆ రాత్రి కౌరవసభలోకి రాకముందే ఖాళీ కుర్చీలతో రాయబారం నడపాల్సి వచ్చింది.

వెళ్ళిపోయినవాళ్ళు నయం. ఉండిపోయిన అభిమానులు విమర్శకులు కూడాను. "పాడాడు, బాగానే పాడాడు. కానీ ఘంటసాలలా లేదు." ఎందుకుండాలి బాబూ? తిరుపతి వేంకట కవుల పద్యాలు తెలుగు టాకీ పుట్టకముందే ఊరూరా మోగాయి. పీసపాటి నరసింహమూర్తి ఒక తీరున చదివాడు, షణ్ముఖి ఆంజనేయరాజు ఒక తీరున. ఈలపాట రఘురామయ్య పద్యం చివర వేలు పెదవి మీద పెట్టి ఈల వేశాడంటే పందిరంతా ఊగిపోయేది. వీళ్ళలో ఎవడూ ఇంకొకడిలా పాడలేదు. పాడితే జనం ఊరుకునేవాళ్ళూ కారు. ఘంటసాల చేసిన పని వేరు. రంగస్థలం మీది సాగుడు రాగాన్ని కోసి, మాట తేటగా వినిపించేలా, తెర మీద బొమ్మ కదలిక ఆగకుండా పద్యాన్ని కొత్తగా మలిచాడు. సినిమాకి అది కావాలి, ఆయన ఇచ్చాడు, మహత్తరంగా ఇచ్చాడు. రేపటి నుంచి తిరునాళ్ళలో కృష్ణ వేషగాళ్ళంతా నాలాగే పాడాలని ఆయన ఎక్కడా శాసనం రాయించలేదు. ఆ శాసనం మన అభిమానులు రాశారు, సంతకం మాత్రం ఆయనది పెట్టారు.

సినిమా పద్యానికి ఎంతమంది కావాలో చూడండి. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. వాద్యాలు రికార్డింగు థియేటర్లో వేరే రోజున. ముఖం ఎంత దగ్గరగా చూపాలో కెమెరామాన్ లెక్క. నచ్చకపోతే ఇంకో టేకు. నాటకంలో ఆ నలుగురి పనీ ఒక్కడే చెయ్యాలి. జలుబు చేసినా వాడే, అంతకుముందు రాత్రి ఇంకో ఊళ్ళో ఆడి బస్సులో నిద్ర లేకుండా వచ్చినా వాడే. పద్యం ఎత్తుకున్నాక హార్మోనియం వాడి వెంట పరుగెత్తాలి. ఆఖరి పాదంలో వాడు ఊపిరి బిగబట్టి నిలిపితే ముందు వరుసలో ఒక ముసలాయన లేచి, వంద నోటు తీసి, వాడి ఉత్తరీయానికి పిన్నుతో గుచ్చుతాడు. మైకులో ఆయన పేరూ ఊరూ చదువుతారు. వెనక నుంచి "వన్స్ మోర్!" అని కేక. దుర్యోధనుడు మీసం మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఉండి, పద్యం రెండోసారి అయ్యేదాకా కోపం అట్టే పెట్టుకుంటాడు. ఈ వన్స్ మోర్లు చూసి నవ్వే అభిమానులే ఇంటికెళ్ళి ఫోన్లో అదే పద్యాన్ని పదిసార్లు వెనక్కి జరుపుకుని వింటారు. అక్కడ అది కళాస్వాదన అట. ఇక్కడ మోటుతనమట.

ఇంకో ఫిర్యాదు కూడా విన్నాను. "ఇందాకటి కృష్ణుడు సన్నగా ఉన్నాడు, ఈ కృష్ణుడు లావుగా ఉన్నాడేమిటండీ, కంటిన్యుటీ లేదు!" కాంట్రాక్టు నాటకంలో పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొక కృష్ణుడు వస్తారని పందిట్లో వేరుశనక్కాయలు అమ్ముకునే కుర్రాడికి కూడా తెలుసు. జనం ఇద్దరినీ పోల్చి చూసుకోవడానికే వస్తారు. ఒకే పాత్రని ఇద్దరు మొనగాళ్ళు తెల్లవారేలోగా పంచుకోవడంలో ఉన్న మజా సినిమా ఇవ్వలేదు, ఇవ్వక్కర్లేదు. కంటిన్యుటీ కావాలంటే తెర ఉంది.

సత్యభామ సంగతి మరీ విచిత్రం. "సత్యభామ అంటే జమునే" అని ఘంటాపథంగా చెబుతారు. జమున నటించిన 'శ్రీకృష్ణ తులాభారం' 1966లో వచ్చింది. ముత్తరాజు సుబ్బారావుగారి నాటకంలో స్థానం నరసింహారావు ఆ వేషం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే కట్టాడు. మగవాడు. ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్ళు నేర్చుకునేవారని ఆనాటివాళ్ళు చెప్పుకునేవారు. తులాభారంలోని ఆ ప్రసిద్ధమైన పాట పల్లవిని ఒకసారి గర్వంతో, ఒకసారి వేళాకోళంతో, ఒకసారి అనుమానంతో తిప్పి తిప్పి పాడి చూపించేవాడు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది ఆయనకి. అదే పాట సినిమాలో సుశీల పాడింది, హాయిగా ఉంటుంది. కానీ అది ఎన్నిసార్లు విన్నా ఒక్కలాగే ఉంటుంది. అదే దాని గొప్ప అని అభిమాని అంటాడు. నాటకం మీద ప్రాణం పెట్టుకున్నవాడు అనాల్సిన మాటేనా అది?

వీటన్నిటికీ తలమానికమైన వాదన ఒకటుంది. "సినిమాగా తీశారు కాబట్టే నాటకం బతికిందండీ, లేకపోతే ఎప్పుడో పోయేది." చరిత్ర తిరగేస్తే అన్నం ఎవరు ఎవరికి పెట్టారో తెలుస్తుంది. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారైంది. అది ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకం. సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య లాంటి నటులు రంగస్థలం నుంచి వెళ్ళి పాడి ఆడారు. ప్లేబ్యాక్ లేని కాలం. కెమెరా ముందు నిలబడి తన గొంతుతో తాను పాడగలిగినవాడే నటుడు. అలాంటివాళ్ళు ఆ రోజుల్లో నాటకాల్లో తప్ప ఎక్కడ దొరుకుతారు? అందుకే దాని దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి మొదలుకుని సినిమావాళ్ళందరూ మేకప్పు గదుల చుట్టూ తిరిగారు. 1933లో 'చింతామణి', 1935లో 'హరిశ్చంద్ర', 1939లో 'వరవిక్రయం', వరసపెట్టి నాటకాలే. 2012లో హాలీవుడ్డు వాళ్ళు 'లె మిజరాబుల్' తీస్తూ నటులు సెట్లోనే నిజంగా పాడారని లోకమంతా చాటుకున్నారు. అమెరికాలో ఉన్న మన అభిమానులు అది చూసి తబ్బిబ్బయి మనవాళ్ళకి ఫోన్లు చేసి చెప్పారు. అంతకు ఎనభై ఏళ్ళ ముందే కమలాబాయి చేసిన పనే కదమ్మా అది!

పోనీ, గొప్ప నటుణ్ణి సినిమా భద్రపరిచిందా అంటే బళ్ళారి రాఘవ సంగతి చూడండి. 1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటీ పడ్డాయి. 'ద్రౌపదీ మాన సంరక్షణం'లో రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. రంగస్థలం మీద వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఓడిపోయింది ఆ సినిమానే. 'ద్రౌపదీ వస్త్రాపహరణం' నెగ్గింది. కళ్ళెదుట కూర్చున్న జనంతో ఆడుకున్న నటుడు నల్లటి పెట్టె ముందు ఏమి చెయ్యగలడు? రాఘవని రాఘవని చేసింది ఆ జనమే, వాళ్ళు స్టూడియోలోకి రాలేదు.

నాటకం ఎలా పెరుగుతుందో కూడా ఈ అభిమానులకి పట్టదు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర కాటి సీనులో జాషువా 'స్మశానవాటి' పద్యాలు వినిపిస్తాయి. అచ్చు పుస్తకంలో అవి లేవు. రంగస్థలం మీద చేరాయి, జనం వదల్లేదు, ఉండిపోయాయి. పౌరాణిక నాటకం నడిబొడ్డున ఒక దళిత కవి ఇలా వచ్చి కూర్చున్నాడంటే అది నాటకం కాబట్టే జరిగింది. దీని మీద మాత్రం మన వక్తలు ఎందుకో ఒక్క శాలువా పాటి ఉపన్యాసం కూడా ఇవ్వరు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' ప్రదర్శనని నిషేధించినప్పుడు కూడా అంతే. కాళ్ళకూరి నారాయణరావుగారు రాయని బూతులు చేర్చినవాళ్ళని ఏమనాలి, రాసిన నాటకాన్ని ఎలా కాపాడాలి అన్న చర్చలో తెర ప్రేమికుల గొంతు నాకు వినిపించలేదు. బహుశా 1956 సినిమాలో భానుమతి ఎంత బాగుందో మాట్లాడుకుంటూ ఉండి ఉంటారు.

ఇప్పుడు కొత్త ఉబలాటం మొదలైంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలని పాన్ ఇండియా సినిమాగా తియ్యాలట. గ్రాఫిక్సు అదిరిపోవాలట, విశ్వరూపం తెర చీల్చుకు రావాలట. "అయితే ఒక్కటండీ," అన్నారొక పెద్దమనిషి ఎంతో అభిమానంగా, "పద్యాలు తీసేద్దాం. కుర్రవాళ్ళకి అర్థం కావు." తీసెయ్యండి. రాగం తీసేశాం, వన్స్ మోర్ తీసేశాం, రెండో కృష్ణుణ్ణి ఇంటికి పంపాం, హార్మోనిస్టుకి సెలవిచ్చాం. పద్యం కూడా పోతే మిగిలేది కిరీటం ఒక్కటే. అది డ్రెస్ కంపెనీలో రోజు అద్దెకి దొరుకుతుంది, కోట్లు అక్కర్లేదు.

సినిమా వల్లే నాటకం బతికిందన్న ఆ వాదనకి జవాబు మొదటి తెలుగు టాకీ దగ్గరే ఉంది. నాటకాన్ని బతికించిందంటున్న 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈనాడు దొరకదు. 1885లో కడప జిల్లాలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళు తీగల మీద నారదుణ్ణి దింపుతూ, స్తంభం చీల్చి నరసింహుణ్ణి రప్పిస్తూ 'భక్త ప్రహ్లాద' ఆడుతూనే వచ్చారు. ఈసారి మీ ఊరి దగ్గర ఆడినప్పుడు పాసు అడక్కుండా టికెట్టు కొనుక్కుని వెళ్ళండి, మంగళం పాడేదాకా కూర్చోండి.