బల్ల కింద ఖాతాదారు

కుక్కల్ని కొట్లలోకి, కెఫేల్లోకి రానివ్వాలా అన్నది నగరాల చర్చ. దర్శి లాంటి చిన్న ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, కుక్కలు అసలే అడగవు. హైదరాబాద్‌లో కొన్ని కెఫేల్లో పెంపుడు కుక్కకు స్వాగతం బోర్డు, దాని కోసం వేరే మెనూ. దర్శిలో బోర్డు లేకుండానే టీ బంకు బల్ల కింద ఒకటి, మాంసం కొట్టు మొద్దు పక్కన రెండు, బస్టాండు ఫ్యాను కింద నాలుగు. బన్ను ముక్క కింద పడితే చాలు, బిల్లు పక్కవాడిది.

చట్టం మాత్రం ఖరాఖండి. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సింగ్ నిబంధనల 4వ షెడ్యూలు ప్రకారం తిండి వండే, అమ్మే ఆవరణలోకి జంతువులు, పెంపుడువైనా సరే, రాకూడదు. ఆవరణ అంటూ ఉంటే కదా! బంకుకు గోడ లేదు, గడప అంతకంటే లేదు.

పట్టుకున్న వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమన్నాయి 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దు, షెల్టర్లకు తరలించండి అంది సుప్రీంకోర్టు, 2025 నవంబరు 7న. షెల్టరు కట్టేదాకా ఎక్కడుండాలో తేలక కాబోలు, దర్శి బస్టాండు కుక్కలు ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాయి.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి. ఆసుపత్రి గేటు దగ్గర మళ్లీ జాగ్రత్త.