నూట అరవై గంటల గురువులు

కావలెను: మనిషి మనసు అట్టడుగుకు దారి చూపే మార్గదర్శకులు. వయసు 21 నిండితే చాలు. చదువు మన ఇంటర్ స్థాయి దాటనక్కర్లేదు. మానసిక వైద్యంలో పూర్వానుభవం అడగబడదు. శిక్షణ 160 గంటలు. భోజన వసతులు అభ్యర్థులే చూసుకోవలెను.

చివరి వాక్యం నాది. మిగతావన్నీ అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం రాసిపెట్టుకున్న అర్హతలే. 2020 నవంబరులో అక్కడి ఓటర్లు మెజర్ 109 అనే ప్రతిపాదనను గెలిపించారు. భ్రాంతులు కలిగించే సైలోసిబిన్ ఉన్న పుట్టగొడుగులను లైసెన్సు ఉన్న కేంద్రంలో, లైసెన్సు ఉన్న మనిషి పక్కన కూర్చోగా తినవచ్చన్నారు. ఆ పక్కన కూర్చునే మనిషే ఫెసిలిటేటర్. ఆయనకు 120 గంటల పాఠాలు, 40 గంటల ప్రాక్టికల్స్, ఒక పరీక్ష. వారానికి నలభై గంటల ఆఫీసు లెక్కన చూస్తే నాలుగు వారాల్లో పట్టా చేతికొస్తుంది. మన దగ్గర ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆపైన సైకియాట్రీ ఎండీ మూడేళ్లు చదివి కూడా రోగి ఎదుట ఆచితూచి మాట్లాడే అమాయకులు ఉన్నారు, పాపం.

ఇంతకీ ఆ గదిలో జరిగేదేమిటి? మనిషి పరుపు మీద పడుకుంటాడు. కళ్లకు గంతలు, చెవుల్లో సంగీతం. మందు పనిచేయడం మొదలయ్యాక ఐదారు గంటల పాటు కాలం తెలియదు, తానెవరో సరిగ్గా తెలియదు. ఎప్పుడో పాతిపెట్టిన దుఃఖం పైకి లేస్తుంది. కొందరు ఏడుస్తారు, కొందరు చచ్చిపోతున్నామని వణికిపోతారు. ఆ వేళ పక్కవాడు ఏం చెప్పినా వేదవాక్కులా దిగిపోతుంది. లేచి గది బయటికి పోవడానికి కాళ్లు సహకరించవు. మత్తు డాక్టరు ముందు తప్ప మనిషి మరెక్కడా ఇంత నిస్సహాయంగా పడుకోడు. మత్తు డాక్టరు దగ్గరైనా మనం నిద్రపోతాం. ఇక్కడ మెలకువగానే ఉంటాం, అదీ తేడా.

అంత పని అప్పగించిన చట్టం మరో చమత్కారం కూడా చేసింది. ఫెసిలిటేటర్ రోగ నిర్ధారణ చేయకూడదు, వైద్యం చేయకూడదు. వచ్చినవాడు రోగి కాదు, క్లయింట్. మొదట రాసుకున్న నియమాల ప్రకారం, పేరున్న సైకాలజిస్టే ఫెసిలిటేటర్‌గా చేరినా ఆ గదిలో ఉన్నంతసేపు తన పాత లైసెన్సు బయటికి తీయకూడదు. ఇంటర్‌తో ఆపేసినవాడు చదువు లేకుండా కూర్చోవాలి, పీహెచ్‌డీ చేసినవాడు చదువు మరిచిపోయి కూర్చోవాలి. సమానత్వం అంటే ఇదే కాబోలు.

ప్రాక్టికల్స్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మొదటి బ్యాచ్‌లు చదివే నాటికి రాష్ట్రంలో ఒక్క కేంద్రం కూడా తెరుచుకోలేదు. అవి తెరుచుకున్నది 2023లో. మరి నలభై గంటలు ఎవరి పక్కన కూర్చోవాలి? గాఢంగా ఊపిరి పీలుస్తూ మైకంలోకి వెళ్లేవాళ్ల పక్కన కూర్చున్నా సరిపోతుందన్నారు. పుట్టగొడుగు లేని పుట్టగొడుగు ప్రాక్టికల్స్ అన్నమాట. ఫీజు మాత్రం పది వేల డాలర్లకు అటూ ఇటూ. అది కట్టి, పరీక్ష రాసి, ఏటా లైసెన్సుకు మరో రెండు వేల డాలర్లు చెల్లించి బయటికొస్తే క్లయింట్లు ఏరీ? ఒక్కో సెషన్‌కు వేలల్లో అవుతుంది, ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు. చాలా కౌంటీలు ఓటు వేసి మరీ మా ఊళ్లో ఈ కేంద్రాలు వద్దన్నాయి. ఈలోగా శిక్షణ సంస్థలు మాత్రం పుట్టగొడుగుల్లా మొలిచాయి, ఇక్కడ ఆ మాట వాడక తప్పదు. వాటిలో ఒకటైన సింథసిస్ ఇన్‌స్టిట్యూట్, నెదర్లాండ్స్‌లో రిట్రీట్లు నడిపి పేరు తెచ్చుకుని ఒరెగాన్‌కు వచ్చి, 2023 మొదట్లో దివాలా తీసింది. విద్యార్థులు కోర్సు మధ్యలో రోడ్డున పడ్డారు. అహంకారాన్ని కరిగించడం నేర్పే బడి తన డిపాజిట్లను ముందు కరిగించింది.

ఒరెగాన్‌ది ఓటర్ల ముచ్చట, సర్లే అనుకుందాం. డాక్టర్లు, ట్రయల్స్, మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఉన్నచోట పద్ధతిగా జరిగి ఉంటుంది కదా? జరిగిందేమిటో చూడండి.

ఎండీఎంఏను, అదే పార్టీల్లో ఎక్స్‌టసీ అని దొరికే సరుకును, ఘోర అనుభవాల తర్వాత మనిషిని వదలని పీటీఎస్‌డీ అనే మానసిక జబ్బుకు మందుగా నిలబెట్టాలని రిక్ డాబ్లిన్ 1986లో మ్యాప్స్ అనే సంస్థ పెట్టాడు. దశాబ్దాల పట్టుదల, అందులో అబద్ధం లేదు. ఒక రోగి పక్కన ఇద్దరు థెరపిస్టులు, ఎనిమిదేసి గంటల మందు సెషన్లు మూడు, ముందూ వెనకా మాట్లాడుకునే సెషన్లు. ఇదీ పద్ధతి. ఇద్దరిలో ఒకరికి లైసెన్సు ఉంటే చాలు, రెండోవారికి లేకపోయినా ఫరవాలేదన్నారు. ఈ ఫరవాలేదు ఎంత దూరం పోయిందో కెనడాలోని వాంకూవర్ చెబుతుంది. 2015లో అక్కడి ట్రయల్‌లో, పాత హింస మిగిల్చిన గాయాలతో వచ్చిన ఒక మహిళను ఇద్దరు థెరపిస్టులు మందు మత్తులో ఉండగా కౌగిలించుకున్నారు, పక్కలో పడుకున్నారు, ఆమె గింజుకుంటుంటే అదిమిపట్టారు. వాళ్లు భార్యాభర్తలు. లైసెన్సు లేనిది మగమనిషికి. ట్రయల్ మందు సెషన్లు ముగిశాక ఆయన ఆమెతో శారీరక సంబంధం దాకా వెళ్లాడు. ఇదంతా ఎవరో చెప్పిన కథ కాదు. గదిలో కెమెరా ఉంది, నియమం ప్రకారం సెషన్లన్నీ రికార్డయ్యాయి. రికార్డు చేయాలని నియమం రాసినవాళ్లు, చేసిందంతా సకాలంలో చూడలేదు. ఆ వీడియోలు లోకం కంట పడేసరికి 2022 వచ్చింది.

మ్యాప్స్ అప్పటికే ఏళ్ల తరబడి థెరపిస్టులకు శిక్షణ ఇస్తోంది. మందుకు అనుమతి రాలేదు, వస్తుందో రాదో తెలియదు, సర్టిఫికెట్లు మాత్రం గోడలకెక్కాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. శిక్షణలో భాగంగా థెరపిస్టులు తామే ఎండీఎంఏ వేసుకుని చూడడానికి అనుమతితో ఒక స్టడీ కూడా నడిచింది. ఇది కొత్త ఆలోచనేం కాదు. స్విట్జర్లాండ్‌లో శాండోజ్ కంపెనీ ఎల్‌ఎస్‌డీని డెలిసిడ్ పేరుతో డాక్టర్లకు పంపిన రోజుల్లోనే, సైకియాట్రిస్టు స్వయంగా వేసుకుంటే రోగుల లోకం అర్థమవుతుందని దాని కాగితంలో రాసిపెట్టింది. కాగితం చదివిన పెద్దలు ఎంత అర్థం చేసుకున్నారో గానీ, 1963కల్లా ఈ మందుల మీద ప్రయోగాలు చేసిన సైకాలజిస్టు టిమొతీ లియరీని హార్వర్డ్ సాగనంపాల్సి వచ్చింది. తనకు మందు చేసిన మేలు చూసి మురిసిపోయినవాడు రోగికి జరిగే కీడును గమనిస్తాడని నమ్మకమేమిటి? నా మట్టుకు అలా మురిసిపోయినవాడి పక్కన పడుకోవడానికి ధైర్యం చాలదు.

2024 జూన్ 4న ఎఫ్‌డీఏ సలహా సంఘం కూర్చుంది. మ్యాప్స్ వ్యాపార విభాగం అప్పటికి లైకోస్ థెరప్యూటిక్స్ అని పేరు మార్చుకుంది. మందు పనిచేస్తుందనడానికి రుజువు చాలదని తొమ్మిది మంది, చాలునని ఇద్దరు ఓటేశారు. మేలు కీడును మించదని పది మంది, మించుతుందని ఒక్కరు. ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించి మరో ట్రయల్ చేసి రమ్మంది. అదే నెలలో సైకోఫార్మకాలజీ పత్రిక ఆ పరిశోధనకు సంబంధించిన మూడు వ్యాసాలను వెనక్కి తీసుకుంది, వాంకూవర్ సంగతి అందుకు ఒక కారణం. కంపెనీ తన సిబ్బందిలో నాలుగింట మూడొంతుల మందిని ఇంటికి పంపింది. సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్లను ఎవరూ ఎక్కడికీ పంపలేదు.

ఎఫ్‌డీఏకూ ఇందులో చక్కని సౌకర్యం ఉంది. దాని పని మందుల వరకే. మానసిక చికిత్సలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలి, ఎక్కడ చెయ్యి వేయాలి అన్నది దాని పరిధిలోకి రాదు. గోలీకి సవాలక్ష పరీక్షలు, గోలీ మింగిన మనిషి పక్కన ఎనిమిది గంటలు కూర్చునేవాడికి నమస్కారం. సగం చికిత్స మాటే అయినప్పుడు ఆ సగాన్ని ఎవరు తూకం వేస్తారు?

నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను, ఈ మందుల్లో ఏదో ఉంది. 2023లో అచ్చయిన చివరి పెద్ద ట్రయల్‌లో 104 మంది పాల్గొన్నారు. ఎండీఎంఏ తీసుకున్నవాళ్లలో 71 శాతానికి, డమ్మీ గోలీతో థెరపీ పొందినవాళ్లలో 48 శాతానికి పీటీఎస్‌డీ లక్షణాలు నిర్ధారణ గీత కిందికి దిగాయి. ఎవరికి ఏ గోలీ పడిందో కాసేపట్లో తెలిసిపోతే పోలికేమిటని విమర్శకులు అడిగారు, సబబైన ప్రశ్నే. అయినా ఆ అంకెల్లో రెండోది చూడండి. మందు లేకుండా, ఓపికగా పక్కన కూర్చున్న మనుషుల వల్లే దాదాపు సగం మంది కోలుకున్నారు. దాని మీద శిక్షణ సంస్థలెవరూ బ్రోచర్లు వేయలేదు. ఊరికే వినడానికి పేటెంటు రాదు కదా!

రాదని తేలిగ్గా తీసిపారేయకండి. సైలోసిబిన్ మీద పనిచేస్తున్న కంపాస్ పాత్‌వేస్ కంపెనీ పేటెంటు దరఖాస్తులో మెత్తని సోఫాలు, కంటికి ఇంపైన లేత రంగులు, మంచి సౌండ్ సిస్టమ్ ఉన్న గదిని పేర్కొంది. ధైర్యం చెప్పడానికి థెరపిస్టు రోగి చెయ్యి పట్టుకోవడాన్ని కూడా పేర్కొంది. మెక్సికోలో ఓహాకా కొండల మీద హువాట్లా అనే ఊళ్లో మరియా సబీనా అనే మజతెక్ ముసలమ్మ ఏళ్ల తరబడి అదే పని రాత్రంతా పాడుతూ చేసింది. 1955లో గార్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకరు ఆమె దగ్గర పుట్టగొడుగులు తిని, 1957లో లైఫ్ పత్రికకెక్కించాడు. హిప్పీలు ఎగబడ్డారు, పోలీసులు దిగారు, ఊరివాళ్ల కోపానికి ఆమె ఇల్లు తగలబడింది. 1985లో పేదరికంలోనే పోయింది. ఆమెకు 160 గంటల సర్టిఫికెట్ లేకపోవడం ఒక్కటే లోపం.

ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో కాపురం ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. ఒరెగాన్ ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం దృష్టిలో సైలోసిబిన్ ఇంకా షెడ్యూల్-1 సరుకే. వీసాలు, గ్రీన్ కార్డులు ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. తిన్నానని ఇమిగ్రేషన్ అధికారి ముందు నోటితో ఒప్పుకోవడమే చాలు, చిక్కుల్లో పడడానికి. మనశ్శాంతి కోసం పోయి స్టేటస్ పోగొట్టుకోవడం ఏ గురువూ నేర్పని అనుభవం.

ఇక ఇక్కడివాళ్లకు. ఈ కోర్సులు చాలావరకు ఆన్‌లైన్‌లోనే నడుస్తాయి. విజయవాడలోనో వరంగల్లులోనో కూర్చుని కౌన్సెలర్లు కూడా డాలర్లు కట్టొచ్చు. 1985 నాటి మన మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్ ప్రకారం 0.1 గ్రాము ఎల్‌ఎస్‌డీ అంటే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. ప్రాక్టికల్స్ ఎక్కడ చేస్తారో మరి. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో మానసిక సమస్యలున్నవాళ్లలో చికిత్స అందనివాళ్లు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం దాకా తేలారు. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు కోసం నెల రోజులు తిరిగే మనిషికి ముందు మామూలు డాక్టరు కావాలి, ఆపైన నెలనెలా తెగకుండా మాత్రలు కావాలి.

అయినా కడతామంటే కట్టండి, మీ డబ్బు. కట్టే ముందు మాత్రం ఆ సంస్థకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. మీ దగ్గర నేర్చుకున్నవాడు మత్తులో ఉన్న మనిషి మీద చెయ్యి వేస్తే ఆ మనిషి ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? సెషన్ వీడియోలు రికార్డు చేస్తే వాటిని ఎవరు, ఎప్పుడు చూస్తారు? ఇంతవరకు ఒక్కరి సర్టిఫికెట్ అయినా వెనక్కి తీసుకున్నారా? మూడింటికీ పేరు, తేదీతో సహా జవాబు రాకపోతే ఫోన్ పెట్టేయండి.