కోటకు బోర్డు కాపలానా?

మొన్న మా మనుమడు ఎలగందుల కోటకు పోయొచ్చిండు. ఏం జూసినవురా అంటె ఫోను చేతికిచ్చిండు. అన్ని ఫోటోలల్ల వాని మొకమే, వెనుక గోడ మసకమసకగ. ఎంతసేపు ఉన్నవంటె అర్ధగంట అన్నడు. మా రోజులల్ల మొదటి దర్వాజ కాడనే అర్ధగంట పట్టేది బిడ్డా.

మా ఊరి నుంచి కోసెడు నడక. సద్దిమూట సంకకు వేసుకొని పొద్దుగాల బయలెల్లితె చీకటివడ్డంకనే ఇంటికి. అప్పటికి మానేరు మీద డ్యామ్ లేదు. 1974ల పని మొదలువెట్టిరి, 1985కు అయిపోయె, ఎలగందుల పాత ఊరు కొంత ఆ నీళ్లల్లకే వోయె. ఎలగందుల అంటె ఏందనుకున్నవ్? జిల్లాకే పేరది. 1905ల కచ్చేరి కరీంనగర్‌కు మారిందాక పెత్తనమంత ఆడనే. మా తాత సచ్చిందాక ఎలగందుల జిల్లా అనే అన్నడు. మీకు ఇప్పుడు జిల్లాలెన్నో లెక్క వెట్టుకునుడే సరిపోతున్నది.

కోటకాడ మేకలు కాసుకునే ముసలాయన ఒకాయన ఉండె. జీతం లేదు, ఖాకీ అంగీ లేదు. చేతిల కట్టె మాత్రం ఉండేది. ఎవడన్న గోడ పెకిలిస్తె వీపు పగిలేది. జఫరుద్దౌలా 1754ల కట్టిచ్చిన మసీదు మినార్లు ఊపితె ఊగుతయంటరు గద, మేం ఊపుతమని ఉరికితె, "ఊపుడు తర్వాత, ముందుగాల నిలవడి సూడుండ్రి" అని గద్దించేది. గోడ గచ్చును గోరుతోని గీకుమనేది. గోరు అరిగేది గని గచ్చు రాలకపోయేది. సున్నం గానుగల తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి నానవెట్టిన గచ్చు అది. ఇప్పుడు పాత గోడ ఎక్కడ పగిలినా సిమెంటు మెత్తుతరు. సున్నం గోడ తేమను బయటికి ఇడుస్తది, సిమెంటు లోపలనే ఆపుతది. నాలుగు వానకాలాలకు రాయే పొక్కులు పొక్కులు లేస్తది.

కోటనే కాదు, కురిక్యాల బొమ్మలగుట్టకు గూడ మా తెలుగు పంతులు మమ్ముల నడిపిచ్చుకుంటనే తీస్కపోయిండు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కిచ్చిన శాసనం ముంగట నిలవెట్టి, "నన్నయ కంటె వందేండ్ల ముందటి కంద పద్యాలురా ఇవి, మన గుట్ట మీదియి" అన్నడు. ఆ లిపి మాకు ఒక్క ముక్క తెల్వలె. అయినా ఆయన గొంతు వణికింది మాత్రం ఇప్పటికీ యాదికున్నది.

ఇప్పుడు ఆ ముసలాయన కట్టె జాగల బోర్డులున్నయి. రక్షిత కట్టడం, పాడుచేస్తె శిక్ష అని రాసుంటది. చట్టం వద్దని నేననను. 1914లనే నిజాం సర్కారు పురావస్తు శాఖ వెట్టింది, గులాం యజ్దానీ అసొంటి పెద్దమనిషి దాన్ని నడిపిండు. మొన్న 2017ల తెలంగాణకు సొంతంగ వారసత్వ చట్టం వచ్చింది. గని బోర్డు కట్టె పడుతదా? పోరల్ని నిలవెట్టి ముచ్చట చెప్తదా?

మా కాలపోళ్లు సత్తెకాలపోళ్లని చెప్తె మాత్రం నమ్మకు. మా వెనుక దర్వాజకు మెట్టున్నది సూడు, నున్నటి చెక్కుడు రాయి, అది కోట గోడదే. మా నాయిన రాత్రిపూట బండి కట్టి తెచ్చిండు. ఎనుక నుంచి తోసింది నేనే. పక్కింటోళ్లు తెచ్చిరి, ఎదురింటోళ్లు తెచ్చిరి. ముసలాయన కట్టె పగటికే పనిచేసింది. ఆనాడు ఆ బోర్డు, ఆ చట్టం గట్టిగ ఉంటె కొన్ని రాళ్లు మిగిలేటియి.

మనుమడు ఇప్పుడు ఆ రాయి మీదనే కూసొని ఫోను సూస్తున్నడు. ఈ ఐతారం వాని బండి మీదనే ఇద్దరం కోటకు పోతం. ఫోను నా జేబుల వెట్టుకుంట. వాని గోరు గచ్చు మీద వెట్టిస్త. ఈ రాయి ఎక్కడిదో తొవ్వల చెప్త.