రియాద్ రోడ్ల మీద ఒక రేడియేటర్ ఆత్మకథ

ఇంజిన్‌లో ఇంధనం మండగా పుట్టే శక్తిలో సుమారు మూడో వంతు సిలిండర్ గోడలకు వేడిగా చేరుతుంది. ఆ వేడిని కూలెంట్ అనే ద్రవం మోసుకువస్తే దాన్ని బయటి గాలికి అప్పగించడానికే రేడియేటర్ పుట్టింది. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న రేడియేటర్ రియాద్‌లో తిరిగిన ఒక ల్యాండ్ క్రూయిజర్‌లో, గ్రిల్ వెనుక, ఏసీ గ్యాస్ తన వేడిని వదిలే కండెన్సర్ అనే జాలీకి కాస్త వెనకగా బతికింది. అల్యూమినియం గొట్టాలు, వాటి నడుమ పల్చని రేకుల మడతలు, పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకులు, ఇదే దాని శరీరం. దాని బాగోగులు చూసినవాడు జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చిన ఇంటి డ్రైవర్.

సౌదీ ఎండ ఎంతటిదో చెప్పడానికి 2010 జూన్ 22న జెడ్డాలో నమోదైన 52 డిగ్రీల సెల్సియస్ చాలు. అయితే ఈ రేడియేటర్ తన కష్టాన్ని మరో లెక్కలో చెప్పుకుంటుంది. రేడియేటర్ వదలగల వేడి, కూలెంట్‌కూ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చలి దేశంలో 5 డిగ్రీల గాలి తగిలితే ఆ తేడా 90, రియాద్ వేసవిలో 47 డిగ్రీల గాలి తగిలితే 48 మాత్రమే. అంటే అదే లోహం, అదే గాలివేగం ఉన్నా పని దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఆ గాలి ముందుగా కండెన్సర్ గుండా వెళ్లి మరింత వేడెక్కి వస్తుంది. తయారీదారులు ఇదంతా లెక్కలోకి తీసుకునే పరిమాణం నిర్ణయిస్తారు కాబట్టి ఎండ ఒక్కటే ఇంజిన్‌ను చెడగొట్టదు. ఎండ చేసేదల్లా చిన్న నిర్లక్ష్యాన్ని కూడా క్షమించకపోవడమే.

ఆ నిర్లక్ష్యాల్లో మొదటిది దుమ్ము. ఉత్తరం నుంచి వీచే షమాల్ గాలులు తెచ్చే సన్నని ధూళి కండెన్సర్‌ను దాటి, దానికీ రేడియేటర్‌కూ మధ్య ఉన్న వేలెడు సందులో చేరి, చచ్చిన పురుగులతోనూ ఇంజిన్ ఆయిల్ జిడ్డుతోనూ కలిసి గట్టిపడుతుంది. ముందు నుంచి చూసేవారికి జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది. ఈ డ్రైవర్ ఇంజిన్ చల్లారాక పై కవరు విప్పి, ఫ్యాన్ వైపు నుంచి బయటికి, గాలి వచ్చే దిశకు ఎదురుగా, మెల్లని ధారతో నీళ్లు కొట్టేవాడు; గ్రిల్ కింద చాలాసేపు గోధుమరంగు బురద కారి, ఆ తర్వాతే తేటనీరు వచ్చేది. వాషింగ్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి గాలిదారి శాశ్వతంగా మూసుకుపోతుందని అతనికి తెలుసు. తన ఆయుష్షు పెరగడానికి ఈ ఒక్క అలవాటే ముఖ్య కారణమని ఈ రేడియేటర్ గట్టిగా నమ్ముతుంది.

రెండో చిక్కు ఇంటి డ్రైవర్లకు బాగా తెలిసినది. కుటుంబం మాల్‌లో ఉన్నంతసేపూ బండి ఏసీ వేసుకుని నిలబడే ఉంటుంది. అప్పుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు. ఆ ఫ్యాన్‌ను ఇంజిన్‌తో కలిపే విస్కస్ క్లచ్‌లో చిక్కని సిలికాన్ ద్రవం ఉంటుంది. వేడి పెరిగినప్పుడు ముందున్న లోహపు చుట్ట మెలితిరిగి ఆ ద్రవాన్ని పనిలోకి దింపుతుంది. ద్రవం కారిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గాని గాలి లాగదు. అందుకే నిలబడినప్పుడు వేడెక్కి హైవే ఎక్కగానే చల్లబడే బండిలో ముందు ఫ్యాన్ క్లచ్‌ను చూడాలి. నిలబడినప్పుడు బాగానే ఉండి దమ్మామ్ రోడ్డు మీద వేగం పెరిగినప్పుడు వేడెక్కితే రేడియేటర్ లోపలో బయటో పూడుకుపోయిందని అనుమానించాలి. ఈ తేడా తెలియక సనయ్యాలో, అంటే వర్క్‌షాపులుండే పారిశ్రామిక వాడలో, మంచి రేడియేటర్లను మార్చేవారు ఉన్నారు.

సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న తాయిఫ్‌కు అల్ హదా ఘాట్ ఎక్కేటప్పుడు పరీక్ష రేడియేటర్ మూతకు వస్తుంది. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మూత సుమారు 1.1 బార్ ఒత్తిడిని నిలబెడితే గ్లైకాల్, నీరు సగం సగం కలిసిన కూలెంట్ 125 డిగ్రీలు దాటేదాకా మరగదు, మూతలోని రబ్బరు చీలితే ఆ రక్షణ పోతుంది. ఎత్తు మీద మామూలు నీరే 94 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది. దారిలో బావినీళ్లు పోసినవారు మరో కీడు చేస్తారు: వాటిలోని సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది, లవణాలు అల్యూమినియాన్ని తింటాయి. డిస్టిల్డ్ వాటర్ కొనడానికి పోయే రియాళ్లు ఎంతో కావు.

చాలా బండ్లలో ఉష్ణోగ్రత ముల్లు మామూలు హెచ్చుతగ్గులకు కదలకుండా మధ్యలో నిలిచేలా అమర్చి ఉంటుంది. అది పైకి లేచేసరికి ఆలస్యమైపోతుంది. ఈ రేడియేటర్ పై ట్యాంకు ఏళ్ల వేడికి పెళుసెక్కి, రేకు అంచు దగ్గర సన్నగా చీలినప్పుడు డ్రైవర్‌కు ముందు తెలిసింది ముల్లు వల్ల కాదు, కూలెంట్ తియ్యని వాసన వల్ల. వెంటనే బండి ఆపాడు, మూత తెరవలేదు. అందువల్ల హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య సీలు, దెబ్బతినలేదు. ఆయిల్ పాలరంగుకు మారలేదు. కింది ట్యాంకులో ఉన్న గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ కూడా పగలలేదు. అది పగిలి కూలెంట్ ఆయిల్‌లో కలిసి ఉంటే గేర్‌బాక్స్ ఖర్చు ముందు రేడియేటర్ ధర లెక్కలోకి రాకపోయేది.

పాత రేడియేటర్ పాత సామాన్ల తష్లీహ్‌కు చేరి, ప్లాస్టిక్ ట్యాంకులు ఊడదీశాక అల్యూమినియంగా తూకానికి వెళ్లింది. దాని చోట కొత్తది బిగించిన రోజు మూత, థర్మోస్టాట్, రెండు హోస్‌లు కూడా మార్చాలని డ్రైవర్ పట్టుబట్టాడు. థర్మోస్టాట్ అంటే కూలెంట్ 82 డిగ్రీల దగ్గరకు వచ్చినప్పుడు మైనం కరిగి దారి తెరిచే కవాటం, అది మూసుకుని బిగుసుకుపోతే ఎంత కొత్త రేడియేటరైనా ఖాళీగానే కూర్చుంటుంది. తర్వాత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేసి, హీటర్ పూర్తిగా తెరిచి, లోపల చిక్కిన గాలి బుడగలుగా బయటపడటం ఆగేదాకా అతను కొద్దికొద్దిగా కూలెంట్ పోస్తూనే ఉన్నాడు.